పది పంటల తర్వాత లోకవన్ గోధుమ: నా అనుభవం

మాది నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకా. ఇంట్లో తెలుగు, బయట మరాఠీ, బజార్లో బేరం దగ్గర రెండూ కలిపి. నల్లరేగడి, ఒక బావి, ఐదు హార్స్‌పవర్ మోటారు. 2013-14 రబీ నుంచి రెండెకరాల్లో లోక్-1 గోధుమ వేస్తున్నాను. 2015-16లోనూ 2018-19లోనూ కరువొచ్చి బావి అడుగంటింది, ఆ రెండేళ్లు వేయలేదు. పన్నెండేళ్లలో పది పంటలు చూశానన్నమాట. మొదటి పంట చూసి మెచ్చుకునేవాళ్లు, ఒక పంట పోగానే తిట్టిపోసేవాళ్లు చాలామంది ఉన్నారు, పది పంటలు తీసినవాడు ఏమంటాడో కూడా ఒకసారి చదవండి.

ముందు పేరు సంగతి. ఇక్కడ ఎవరూ లోక్-1 అనరు, "లోకవన్" అంటారు. చిన్నప్పుడు నేను అదేదో వనం పేరనుకున్నాను. నిజానికి అది లోక్ వన్, అంటే లోక్ ఒకటి. గుజరాత్‌లో భావ్‌నగర్ జిల్లా సణోసరా అనే ఊళ్లో లోకభారతి అనే గ్రామీణ విద్యాసంస్థ ఉంది, వాళ్లు తయారుచేసిన రకం కాబట్టి ఆ పేరు. 1980ల మొదట్లో రైతుల చేతికొచ్చింది. దీని తల్లిదండ్రుల్లో ఒకటి సోనాలిక, హరిత విప్లవం రోజుల్లో దేశమంతా పాకిన గోధుమ. నలభై ఏళ్లు దాటినా మధ్యప్రదేశ్, గుజరాత్, మహారాష్ట్ర సంతల్లో ఇంకా ఆ పేరు చెప్పే అమ్ముతున్నారు. నా వయసు రకాలు ఎన్నో వచ్చి పోయాయి, ఇది మాత్రం పోలేదు.

ఇంకో మాట కూడా మొదట్లోనే చెప్పేస్తాను, ఎందుకంటే మా చిన్నక్క కొడుకు ప్రతి ఏడూ ఇదే అడుగుతాడు. వాడు అమెరికాలో ఇండియానాలో ఉంటాడు. చలికాలంలో ఫోన్ చేసి, మంచు కింద పచ్చగా పడుకున్న పొలం వీడియో చూపించి, "మామా, ఇది కూడా గోధుమే, మెత్తగింజ చలికాలపు గోధుమ, నువ్వూ వేయొచ్చుగా" అంటాడు. అక్కడ అది సెప్టెంబరు చివర, అక్టోబరులో విత్తుతారు, మళ్లీ కోసేది జూన్ చివర, జూలైలో. ఆ గోధుమకు కొన్ని వారాలు గట్టి చలి తగిలితే తప్ప వెన్ను తీయదు. మన దగ్గర వేస్తే గడ్డిలా గుబురుగా పెరిగి అలాగే ఉండిపోతుంది. పైగా ఆ మెత్తగింజ పిండిలో మాంసకృత్తులు తక్కువ, వందకు ఎనిమిది నుంచి పది పాళ్లు, బిస్కెట్లకూ కేకులకూ పనికొస్తుంది కానీ చపాతీ సాగదు. మనం చలికాలంలో విత్తుతున్నాం కాబట్టి మనదీ చలికాలపు గోధుమే అనుకుంటాం, జాతి చూస్తే మాత్రం మనవన్నీ అక్కడివాళ్లు వసంతకాలంలో విత్తే రకాలు, చలి అడగవు, చలి ఉంటే సంతోషిస్తాయి అంతే. తొమ్మిది నెలలు పొలంలో కూర్చునే పంటను మా బావి ఏం భరిస్తుంది? లోకవన్ నూట ఐదు నుంచి నూట పది రోజుల్లో చేతికొస్తుంది. దీపావళి తర్వాత విత్తితే హోళీకి అటూ ఇటూగా కోత.

ఇక పంట సంగతి. సోయాబీన్ అక్టోబరు మొదట్లో తీసేస్తాం, ఒక దుక్కి, రెండు సార్లు గుంటక తోలి, నవంబరు మొదటి పదిహేను రోజుల్లో విత్తేయాలని ప్రయత్నం. ఎకరానికి నలభై నుంచి యాభై కిలోలు. గింజ లావు కదా, వెయ్యి గింజలు తూస్తే నలభై ఐదు గ్రాములు దాటుతుంది, అందుకని సన్నగింజ రకానికి వేసినంతే వేస్తే మొక్కలు పలచబడతాయి. నేను యాభై కిలోలకు తగ్గించను. మొదటి ఏడు మా నాన్న శనగ విత్తే లోతుకే గొర్రు దింపాడు, మూడు నాలుగు అంగుళాలు. మొలక సగమే వచ్చింది. ఈ పొట్టి రకాలకు మొలక పొర పొడుగు తక్కువ, రెండంగుళాలకు మించి లోతు పోతే నేల పగలగొట్టుకుని పైకి రాలేదు. ఆ ఏడు ఖాళీలు చూసి నాన్న "విత్తనం మంచిది కాదురా" అన్నాడు, మొలక తగ్గడంలో విత్తనం తప్పేం లేదు, తప్పు మా గొర్రుది. ఇప్పుడు ట్రాక్టర్ పేరణీ యంత్రంతో, అంటే విత్తే యంత్రంతో, వేయిస్తున్నాం, డ్రైవర్ పక్కన నేనే నడుస్తాను, రెండు బారలకొకసారి వేలు పెట్టి లోతు చూస్తాను, వాడికి చిరాకు.

ఎరువులు ఎకరానికి ఒక డీఏపీ బస్తా విత్తేటప్పుడే, యూరియా దాదాపు రెండు బస్తాలు, సగం విత్తేటప్పుడు సగం మొదటి తడి తర్వాత. పొటాష్ నేను ఏడు విడిచి ఏడు వేస్తాను. దీని మీద ఇంతకంటే చెప్పడానికేం లేదు.

చెప్పాల్సింది నీళ్ల గురించి. గోధుమకు రెండు వరసల వేర్లు. గింజ నుంచి వచ్చేవి మొదటివి, అవి బతకడానికి మాత్రమే. అసలు వేర్లు నేలకు అంగుళం లోపల ఉన్న కణుపు నుంచి విత్తిన పద్దెనిమిది, ఇరవై ఒక్క రోజుల మధ్య బయల్దేరతాయి. ఆ వారంలో పైమట్టి ఎండిపోయి ఉంటే ఆ వేర్లు దిగవు, వేర్లు దిగకపోతే పిలకలు రావు, పిలకలు రాకపోతే ఆ తర్వాత ఎన్ని నీళ్లు పెట్టినా ఎన్ని బస్తాల యూరియా చల్లినా ఒంటి వెన్నుతోనే నిలబడుతుంది. ఇది నాకు పుస్తకం చదివితే తెలిసింది కాదు. 2019-20లో మా లైను ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కరెంటువాళ్లు రేపు మాపు అని తిప్పితే, ఊళ్లోవాళ్లం తలా కొంత వేసుకుని బండి మాట్లాడి తెప్పించుకునేసరికి విత్తి ముప్పై రెండు రోజులైంది. ఆ ఏడు వాన బాగా పడింది, బావి నిండా నీళ్లు, ఏం లాభం, కళ్లముందే నీళ్లు కనబడుతూ పంట ఎండిపోయింది. ఎకరానికి తొమ్మిది క్వింటాళ్లు. అంతకు ముందు ఏడాది నీళ్లు లేక వేయలేదు, ఈ ఏడాది నీళ్లుండి రాలేదు.

అన్నీ కుదిరితే నేను ఐదు తడులు పెడతాను. ఇరవై ఒకటి, నలభై రెండు, అరవై ఐదో రోజు, ఆపైన పాలు పోసుకునేటప్పుడొకటి, గింజ గట్టిపడేముందు ఒకటి. నీళ్లు తక్కువైతే మొదటి మూడూ వదలను. రేగడి కాబట్టి పారకం నీళ్లు ఎక్కడ గుంటపడితే అక్కడ మొక్క పసుపెక్కుతుంది, అందుకే నాలుగేళ్ల నుంచి స్ప్రింక్లర్. మా దగ్గర వ్యవసాయానికి కరెంటు ఒక వారం పగలు, ఒక వారం రాత్రి. డిసెంబరు చలిలో రాత్రి రెండింటికి పైపులు మార్చడం ఏమిటో చేసినవాళ్లకే తెలుసు, ఒక చేతిలో టార్చి, ఒక చేతిలో కర్ర, కాళ్లకు బూట్లున్నా ప్రతి సాలు దగ్గరా పాము భయం. దెగ్లూర్ నుంచి పది పదిహేను కిలోమీటర్లు పోయి సరిహద్దు దాటితే తెలంగాణలో మద్నూర్. అక్కడ 2018 జనవరి నుంచి ఇరవై నాలుగు గంటల కరెంటు మొదలైంది. మా మేనమామది అటువైపు. "ఏరా, మళ్లీ రాత్రి కాపలా పోతున్నవా" అని నవ్వుతాడు. అయితే ఆయన గోధుమ వేయడు, ఆ నీళ్లకు ఆయన వరి వేస్తాడు.

కలుపు గురించి ఒక తప్పు ఒప్పుకోవాలి. మా పొలంలో ఎక్కువ వచ్చేది పప్పుకూర, ఇక్కడ బత్వా అంటారు. లేతగా ఉన్నప్పుడు అమ్మ కోసుకొచ్చి పప్పులో వేస్తుంది, అది వేరే సంగతి, కానీ నెల దాటితే గోధుమ కంటే ఎత్తు పెరుగుతుంది. 2016-17లో కూలీలు దొరక్క టూ ఫోర్ డీ అనే కలుపు మందు కొట్టాను. విత్తిన ముప్పై ఐదో రోజు కొట్టాలని చెప్తారు, కొట్టాను, గోధుమకు ఏమీ కాలేదు, బత్వా మెలితిరిగి చచ్చింది. కానీ ఆ రోజు పొద్దున పదకొండు దాటాక గాలి లేచింది, ఇంకో రెండు డబ్బాలే కదా అని ఆపలేదు. పక్కన కాకాది శనగ. మూడో రోజుకు ఆయన చేలో నాలుగు సాళ్ల మొక్కలు ఆకులు ముడుచుకుని తలలు వాల్చేశాయి. ఆయన గొడవ చేయలేదు, ఇంటికొచ్చి చాయ్ తాగి "మీ మందు మా చేను కూడా చూసిపోయింది" అని మరాఠీలో నెమ్మదిగా అన్నాడు. దానికంటే తిట్టినా బాగుండేది. కోతలయ్యాక ఒక బస్తా శనగలు తీసుకెళ్లి ఇచ్చాను. వెడల్పాకు పంటలు, అంటే శనగ, కంది, పత్తి, ఏది పక్కన ఉన్నా ఆ మందు గాలిలో కొట్టకండి. ఇప్పుడు నేను ఆ వైపు ఆరు సాళ్లు చేత్తోనే తీయిస్తాను.

ఇక లోకవన్ అసలు బలహీనత, తుప్పు తెగులు. మా వైపు తాంబేరా అంటారు. కొత్త రకాలు కొన్ని దీన్ని తట్టుకునేలా తయారుచేశారు, ఇది ఆ కాలపుది కాదు, దీనికి ఆ బలం లేదు. ఎండాకాలంలో మన మైదానాల్లో గోధుమ ఉండదు, ఎండకు తుప్పు బూజు కూడా చస్తుంది. నల్ల తుప్పు నీలగిరి, పళని కొండల మీద చల్లదనంలో బతికి ఉండి, చలికాలంలో గాలి మీద ఉత్తరానికి వస్తుంది. అంటే మా జబ్బు ఎక్కడో తమిళనాడు కొండల్లో బయల్దేరి మా ఊరు చేరుతోంది. మబ్బు పట్టి, రాత్రి మంచు దండిగా పడి, పగలు వెచ్చగా ఉండే వారం వస్తే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఆకు మీద నారింజ గోధుమ రంగు చుక్కలు చెదురుమదురుగా ఉంటే ఎర్ర తుప్పు, కాండం మీద పొడుగు పొక్కులు లేచి ఇటుక రంగు నుంచి నల్లబడితే నల్ల తుప్పు. తెల్ల చొక్కా వేసుకుని చేలో ఒక చక్కర్ కొట్టి రండి, ఉంటే చొక్కా చెప్తుంది. పది పంటల్లో నాకు రెండుసార్లు గట్టిగా తగిలింది. ఒకసారి ముందే చూసి ప్రొపికొనజోల్ అనే తెగులు మందు లీటరుకు ఒక మిల్లీ చొప్పున కొట్టాను, నిలిచింది. ఇంకోసారి పెళ్లిళ్ల తిరుగుడులో పది రోజులు చేను మొహం చూడలేదు, వెన్నులు నిండేసరికి ఆకు మాడిపోయింది, గింజ ముడతలు పడి, తూర్పార పడితే సగం తాలు. ఎనిమిది క్వింటాళ్లకు మించలేదు, అదే నా పది పంటల్లో అడుగు. బాగా వచ్చిన ఏడు పద్నాలుగు. మామూలుగా పదకొండు, పన్నెండు అనుకోండి.

మిగతా కష్టాలు లోకవన్ ఒక్కదానివే కాదు కాబట్టి దాని మీద రుద్దను. మొదటి పంటే 2014 రాళ్ల వానకు దొరికింది. ఫిబ్రవరి చివర నుంచి మార్చి దాకా మరాఠ్వాడా అంతా కొట్టిన ఆ వాన గుర్తున్నవాళ్లకు చెప్పక్కర్లేదు, నిమ్మకాయలంత రాళ్లు, నిలబడ్డ గోధుమ చాప పరిచినట్టు పడిపోయింది. 2023 మార్చి నడుమ మళ్లీ అకాల వానలు, ఈసారి కోసి కుప్ప వేసి ఉంది, తాటిపత్రి, అదే టార్పాలిన్, కప్పి బయటపడ్డాం కానీ అంచుల్లో తడిసిన గింజ మెరుపు పోయి తెల్లబడింది. మధ్యలో 2022 మార్చి ఎండ. ఆ ఏడు సోయాబీన్ ఆలస్యమై డిసెంబరు రెండో వారంలో విత్తాను, పాలు పోసుకునేటప్పుడు ఎండ పట్టుకుంది, వెన్ను త్వరగా పండిపోయింది కానీ గింజ నిండలేదు. ఆలస్యంగా విత్తడం తప్పదనుకుంటే లోకవన్ మీద పట్టు వదిలేయండి, నిఫాడ్ పరిశోధన కేంద్రం వాళ్ల ఫూలే సమాధాన్ లాంటిది చూసుకోండి, అది వేళకూ ఆలస్యానికీ రెండిటికీ ఇచ్చిన రకం. అడవిపందులు వెన్ను వచ్చాక దొర్లి పాడుచేస్తాయి, రోహీలు, అంటే నీలగాయిలు, లేతగా ఉన్నప్పుడే మేసిపోతాయి. జొన్న వేసిన రోజుల్లో పిట్టల కాపలాకు మంచె మీద పొద్దంతా అరవాల్సి వచ్చేది, గోధుమకు మీసాలుంటాయి కాబట్టి చిలకలు అంత జోలికి రావు. ఇది మాత్రం సుఖం.

ఇప్పుడు విత్తనం. మొదటి విత్తనం ఒక దుకాణంలో విడి సంచిలో తెచ్చాను, "అసలు లోకవన్, సాహెబ్" అని ఒట్టు పెట్టి ఇచ్చాడు. జనవరిలో చూస్తే చేనంతా మెట్లు మెట్లుగా, కొన్ని మోకాలు దాటవు, కొన్ని నడుము దాక, కొన్ని వెన్నులు తీసి పది రోజులైనా పక్కవి ఇంకా పొట్ట మీదే. కోతకు సగం పచ్చి సగం ఎండు. పోయి అడిగితే, మీరు కలిపేశారేమో అన్నాడు. అప్పటి నుంచి ట్యాగు ఉన్న సీలు బస్తా తప్ప కొనను. గోధుమ తన పూతలోనే తాను గర్భం కట్టే పంట కాబట్టి ఒకసారి మంచి విత్తనం తెస్తే మూడు నాలుగేళ్లు ఇంటి విత్తనమే వాడొచ్చు, ఇది హైబ్రిడ్ మక్క లాంటిది కాదు. చేలో నడిమధ్య ఒక పది గుంటలు విత్తనానికని గుర్తు పెట్టుకుంటాను, వెన్ను వచ్చాక తేడా మొక్కలను పీకేస్తాను, నల్లటి మసి పట్టిన వెన్నులు, అదే కాటుక తెగులు, కనిపిస్తే సంచి తొడిగి పీకి కాల్చేస్తాను. ఆ తెగులు గింజ లోపలే దాక్కుని మరుసటి ఏడు బయటపడుతుంది, అందుకే విత్తేముందు మందు కలపడం మానను. వంద గింజలు తడి గోనెపట్టాలో చుట్టి నాలుగు రోజులుంచి లెక్కపెడతాను, ఎనభై ఐదుకు తగ్గితే ఆ విత్తనం గిర్నికే, అంటే పిండిమరకే. నాలుగో ఏడు దాటితే నా కళ్లకే తెలుస్తుంది, గింజ లావు తగ్గుతుంది, తేడా మొక్కలు పెరుగుతాయి. అప్పుడు కొత్త బస్తా.

ఇన్ని కష్టాలు పెట్టుకుని మరి ఎందుకు వేస్తున్నావంటే, చపాతీ. ఇది చదివి నవ్వేవాళ్లు నవ్వండి. మా అమ్మకు డెబ్బై దాటింది, జొన్నరొట్టె చేతులు, ఆమెకు గోధుమంటే పండక్కి చేసే పోలెలే, అంటే బొబ్బట్లే. 2020-21లో నేను ఒక ఎకరంలో మాక్స్ 6222 వేశాను. పుణెలో ఆఘార్కర్ పరిశోధన సంస్థవాళ్ల రకం, తుప్పు తట్టుకుంటుంది, నాకు లోకవన్ కంటే ఎకరానికి మూడు క్వింటాళ్లు ఎక్కువ వచ్చింది, మందు కొట్టే పనే పడలేదు. రకం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, చాలామంది ఇళ్లలో అదే తింటున్నారు, బాగానే ఉందంటున్నారు. కానీ మా ఇంట్లో ఉగాదికి ఆ పిండితో పోలెలు చేస్తే అమ్మ ఒకటి చేసి, రెండోది చేసి, కర్ర పక్కన పెట్టేసింది. "ఏందిరా ఈ పిండి, పూర్ణం పెట్టి ఒత్తుతుంటే వెనక్కి గుంజుతున్నది" అంది. అది పిండి తప్పో, గిర్నివాడు మెత్తగా విసరకపోవడమో, నేను వాదించలేదు. మరుసటి రోజు పాత డబ్బాలో మిగిలిన లోకవన్ విసిరించుకొచ్చాను, పోలె కాగితంలా పరుచుకుంది. మా ఆవిడ మాట ఇంకా లెక్కగా ఉంటుంది. పొద్దున ఆరింటికి చేసి డబ్బాలో కట్టిన చపాతీ మధ్యాహ్నం రెండింటికి చేలో విప్పితే ఒక చేత్తో తుంచగలగాలి, అది ఆమె పరీక్ష. లోకవన్ దానికి నిలబడుతుంది. షర్బతీ ఇంకా బాగుంటుంది, తీపి కూడా ఉంటుంది, కానీ సీహోర్ వైపు నుంచి వచ్చే ఆ గోధుమ కొనాలంటే ధర చూసి వెనక్కి రావాలి, మా నేలలో పండిస్తే ఆ రుచి రాలేదు. ఉప్మారవ్వకు, లాప్సీకి మాత్రం లోకవన్ వద్దు, బన్సీ అనే గట్టిగింజ గోధుమ కొనుక్కోండి, పలుకు విడిగా నిలుస్తుంది.

డబ్బుల లెక్క కూడా చెప్పాలి కదా. రెండెకరాలకు నాకు మామూలు ఏడు ఇరవై రెండు నుంచి ఇరవై నాలుగు క్వింటాళ్లు. ఆరు ఇంటికి, ఒకటి విత్తనానికి, ఒకటి అక్కచెల్లెళ్లకు. మిగిలింది అమ్మకం. 2024-25 రబీ పంటకు మద్దతు ధర క్వింటాలుకు 2,425 రూపాయలు, మా తాలూకాలో ఆ ధరకు పోయి అమ్ముకొచ్చినవాడిని నేను చూడలేదు, అవసరం కూడా పడలేదు. ఎందుకంటే బోధన్, నిజామాబాద్ నుంచి చుట్టాల చుట్టాలు ఫిబ్రవరిలోనే ఫోన్ చేసి సంచులు చెప్పి పెడతారు. పోయిన మార్చిలో శుభ్రం చేసి, జల్లెడ పట్టి, యాభై కిలోల సంచి కట్టి క్వింటాలు మూడు వేలకు ఇచ్చాను. లావు గింజ, ముత్యంలా మెరుపు, సంచి విప్పి చేతిలో పోసి చూపిస్తే బేరం ఆడరు. అదే గింజ మార్కెట్ యార్డులో పోస్తే రెండు వేల అయిదు, ఆరు వందలు. అంటే లోకవన్ ధర దాని పేరుకే, ఆ పేరు తెలిసిన ఇళ్లు మీకు దొరకాలి. దొరకకపోతే శనగ వేయండి. నిజంగా చెప్తున్నాను, ఒకటి రెండు తడులతో పండే శనగ ముందు ఐదు తడుల గోధుమ డబ్బులో గెలవదు, నా మిగతా నాలుగెకరాలు రబీలో శనగే.

ఇంకో నష్టం పశువుల మేత. హార్వెస్టర్ పెట్టిస్తే గంటలో అయిపోతుంది, కానీ మోకాలెత్తు మోళ్లు మిగులుతాయి, గడ్డి చేతికి రాదు. కూలీలతో కోయించి మల్ని యంత్రంలో, అంటే నూర్పిడి యంత్రంలో, వేస్తే భూసా, అంటే ముక్కలైన గడ్డి, వస్తుంది, మా ఎడ్లు మాత్రం జొన్న కడ్బా, అంటే జొన్న చొప్ప, అలవాటైనవి, గోధుమ భూసా వాసన చూసి నా మొహం చూస్తాయి. పప్పు పొట్టు, బెల్లం నీళ్లు కలిపితే తింటాయి. నేను సగం సగం చేస్తున్నాను, విత్తనపు గింజ మాత్రం హార్వెస్టర్‌కు ఇవ్వను, పక్క ఊరి చేల గింజలు దాని కడుపులో ఎన్ని ఉంటాయో ఎవరికి తెలుసు.

నిల్వ గురించి అడిగేవాళ్లు ఎక్కువ, ముఖ్యంగా సంచి కొన్న పట్నంవాళ్లు. మూడు రోజులు మంచి ఎండ, పళ్ల మధ్య పెట్టి కొరికితే టక్కుమని విరగాలి, మెత్తగా నలిగితే ఇంకో రోజు. ఎండ నుంచి తీసి వెంటనే కోఠీలో, అంటే గింజలు దాచే పెద్ద డబ్బాలో, పోయకండి, నీడలో చల్లారనివ్వండి, వేడి మీద మూత వేస్తే లోపల చెమట పడుతుంది. తిండి గింజకు మా ఆవిడ క్వింటాలుకు అరకిలో దాక ఆముదం అరచేతులతో పట్టిస్తుంది, ఆపైన ఎండు వేపాకు పొరలు పొరలుగా. లోకవన్ లావుగింజ కదా, ముక్కపురుగుకు కూడా ఇష్టమే, ఆముదం పట్టించని ఏడు వానాకాలం దాటేసరికి డబ్బా అడుగున పిండి తేలింది. విత్తనానికి ఆముదం పెట్టకండి, మొలక దెబ్బతింటుందని మా దగ్గర ఎవరూ పెట్టరు, దానికి వేపాకు, బూడిద, గాలి చొరని డబ్బా చాలు.

ఈ రబీకి ఏం చేస్తున్నానంటే, ఎకరంన్నర లోకవన్, అరెకరం సమాధాన్. అమ్మకు చెప్పలేదు. సమాధాన్ పిండి వేరే డబ్బాలో పోసి, దాని మీద ఏమీ రాయకుండా, వచ్చే ఉగాదికి ఆమె ముందు పెడతాను. ఆమె ఏమంటుందో చూశాక మిగతా ఎకరంన్నర సంగతి ఆలోచిస్తాను. విత్తనం లోకవన్ రెండు సంచులు తీసి ఉంచాను, మొలక పరీక్షలో వందకు తొంభై రెండు వచ్చాయి. సోయాబీన్ ఇంకా పచ్చిగానే ఉంది.